వేసుకుని, ఉతికి, ఆ తరువాత రాయండి

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన సమయంలో దుస్తుల గురించీ జీవనశైలి గురించీ రాయడానికి నాలుగు నెలల క్రితం మీరు ఒక సొంత బ్లాగు మొదలుపెట్టారు. ఇప్పటికి పద్నాలుగు టపాలు రాశారు. రోజుకు పదిమంది కూడా చదవడం లేదు, ప్రతి టపాకూ ఏదో ఒక కొత్త బట్ట కొనవలసి వస్తోంది, ఫొటోల్లో ముఖం చూపించడం మీకు ఇష్టం లేదు, బ్లాగులకు కాలం చెల్లిందనీ చిన్న వీడియోలు చేసుకోమనీ స్నేహితులు అంటున్నారు. కొనసాగించాలా, మానుకోవాలా అని అడిగారు. చివర్లో, తొమ్మిదేళ్లుగా వాడుతున్న బూడిదరంగు ఉన్నికోటు ఒకటి ఉందిగానీ పాతది కాబట్టి దాని గురించి రాయడానికేమీ లేదని కూడా ఒక వాక్యం రాశారు. నేను పదమూడేళ్లుగా ఇలాంటి బ్లాగునే, ఉద్యోగం మానకుండా, కేవలం ఇష్టం కొద్దీ నడుపుతున్నాను. మీరు వెతుకుతున్న సమాధానం ఆ చివరి వాక్యంలోనే ఉందని నాకు అనిపించింది కనుక కాస్త వివరంగా రాస్తాను.

కొనసాగించండి. అయితే ఒక్క పద్ధతి మార్చుకోండి. బట్ట కొన్న వారంలోనే దాని గురించి రాయడం మానేసి, కనీసం పదిసార్లు వేసుకుని, అయిదారుసార్లు ఉతికిన తరువాతే రాయండి. కొత్త బట్ట ఎలా ఉందో చెప్పడానికి అమ్మేవారున్నారు, పత్రికలున్నాయి, ప్రకటనలున్నాయి. వారి ఫొటోలు మన ఫొటోలకన్నా ఎప్పుడూ బాగానే ఉంటాయి. అదే బట్ట ఏడాది తరువాత ఎలా ఉందో చెప్పేవారు చాలా అరుదు, ఎందుకంటే అప్పటికి ఆ బట్ట సాధారణంగా అమ్మకంలో ఉండదు, పత్రికకు దానితో పని ఉండదు. అది చెప్పగలిగింది దాన్ని బీరువాలో పెట్టుకుని వాడుకుంటున్న మనిషే. ఈ మార్పుతో మీరు చెప్పిన ఇబ్బందుల్లో సగం వాటంతటవే తీరతాయి. టపా కోసం కొనవలసిన పని ఉండదు, వారానికొకటి రాయాలన్న ఒత్తిడి ఉండదు, ఇంట్లో ఇప్పటికే ఉన్న ముప్పై నలభై బట్టలే మూడేళ్లకు సరిపడా విషయం ఇస్తాయి.

ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. నా బ్లాగుకు మూడో ఏడు నడుస్తుండగా ఒక దుస్తుల సంస్థ ముదురు ఎరుపు రంగు నూలుగౌను ఒకటి ఉచితంగా పంపింది. అంతకుముందు ఎవరూ అలా పంపలేదు కనుక ఆ సంతోషంలో రెండో రోజునే ఫొటోలు తీసి, రంగును పొగిడి, కుట్టును పొగిడి టపా పెట్టేశాను. మూడు వారాల తరువాత ఒక పాఠకురాలు వ్యాఖ్య రాశారు. నా మాట నమ్మి అదే గౌను కొన్నారట, మరికొన్ని బట్టలతో కలిపి నానబెడితే తెల్లవన్నీ గులాబీరంగుకు తిరిగాయట. ఆమె కోప్పడలేదు, మీది కూడా అలాగే రంగు దిగిందా అని మాత్రం అడిగారు. అప్పటికి నేను దాన్ని ఒక్కసారి కూడా ఉతకలేదు. ఆ పూటే విడిగా ఉతికి చూస్తే బకెట్టులో నీళ్లు ఎర్రగా మారాయి. టపా మొదట్లోనే ఆ విషయం చేర్చి, ఆమెకు క్షమాపణ చెప్పాను. ఉతకని బట్ట గురించి ఆ తరువాత నేను ఒక్క టపా కూడా రాయలేదు.

బ్లాగులకు కాలం చెల్లిందన్న మాటలో కొంత నిజముంది, ఆ నిజం ఏమిటో తెలుసుకుంటే నిరాశ తగ్గుతుంది. బ్లాగు నడుపుకునే సేవలైన బ్లాగర్ 1999లో, వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చిన తరువాత, కోడు రాయడం తెలియనివారికి కూడా సొంత పేజీ నడపడం సులువైంది. 2005లో స్కాట్ షూమన్ న్యూయార్క్ వీధుల్లో కనిపించినవారి దుస్తులను ఫొటోలు తీసి ‘ది సార్టోరియలిస్ట్’ అనే బ్లాగులో పెట్టసాగారు. 2006లో లండన్ నుంచి సూసీ లావ్ ‘స్టైల్ బబుల్’ రాయడం ప్రారంభించారు. 2008లో టావీ గెవిన్సన్ అనే పదకొండేళ్ల అమ్మాయి షికాగో దగ్గరి తన ఇంటినుంచి ‘స్టైల్ రూకీ’ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది మిలాన్‌లో జరిగిన ఒక పెద్ద ఫ్యాషన్ ప్రదర్శనలో బ్లాగర్లకు మొదటి వరుసలో కుర్చీలు వేశారు. 2010 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది, 2013 జులైలో గూగుల్ రీడర్ మూతపడింది. తమకు నచ్చిన బ్లాగులన్నిటినీ ఒకేచోట పేర్చుకుని రోజూ ఉదయం చదివే అలవాటు చాలామందికి దానితోనే పోయింది. ఆ రోజుల్లో వచ్చినట్టు రోజువారీ పాఠకులు ఇప్పుడు రారు, అది మీ లోపం కాదు.

ఇప్పుడు పాఠకులు వేరే దారిలో వస్తారు. ఉన్ని స్వెట్టరు మీద ఉండలు ఎందుకు కడతాయో తెలియక ఎవరో ఒకరు వెతుకుతారు, మూడేళ్ల క్రితం మీరు రాసిన టపా వారికి దొరుకుతుంది. చిన్న వీడియోకు సాధారణంగా ఆ ఆయుష్షు ఉండదు. బట్ట ఎలా జారుతుందో, నడుస్తుంటే కుచ్చులు ఎలా కదులుతాయో చూపించడానికి వీడియోను మించింది లేదని ఒప్పుకుంటాను, అలాంటిచోట పదిహేను సెకన్ల ముక్క ఒకటి తీసి టపాలోనే పెట్టండి. అంతకుమించి అటు వెళ్లాలో లేదో మీ ఇష్టాన్నిబట్టి ఉంటుంది, రాయడం ఇష్టమై మొదలుపెట్టినవారు వీడియోకు మారి రెండూ మానేయడం మాత్రం నేను చాలాసార్లు చూశాను.

వాడిన బట్ట గురించి ఏం రాయాలన్నదే అసలు విషయం కనుక నా చొక్కా ఒకదాన్ని ఉదాహరణగా చూపిస్తాను. లేతనీలం లినెన్ చొక్కా, ఏడేళ్లనాటిది. దాని గురించి ఇప్పటికి మూడు టపాలు రాశాను. మొదటిది కొన్న అయిదు నెలలకు రాసింది. మొదట్లో గరుకుగా, అట్టలా బిగుసుకుని ఉన్న బట్ట ఎనిమిదో ఉతుకుకు మెత్తబడిందనీ, భుజం దగ్గర కుట్టు మాత్రం ఇంకా గుచ్చుకుంటోందనీ అందులో రాశాను. రెండోది మూడో ఏట రాశాను. కాలరు మడత వెంబడి సన్నని తెల్లగీత కనిపించింది. దగ్గరగా చూస్తే, మడత పడేచోట పోగులు తెగి, కొసలు పైకి లేచి ఉన్నాయి. లినెన్ పోగుకు సాగే గుణం తక్కువ, ఒకేచోట పదే పదే మడిచి గట్టిగా ఇస్త్రీ చేస్తే అక్కడే విరుగుతుంది. ప్రతిసారీ కాలరు మడత మీద ఇస్త్రీపెట్టెను అదిమి పట్టింది నేనే. మూడోది అయిదో ఏట, దర్జీ దగ్గర కాలరు విప్పించి తిరగేసి కుట్టించిన తరువాత రాశాను. అరిగిన ముఖం లోపలికి పోయి, ఎండ తగలని అడుగుభాగం పైకి వచ్చింది, చొక్కా మిగతా భాగం కన్నా కాలరు ఇప్పుడు ఒక ఛాయ ముదురుగా ఉంటుంది. ఇన్నేళ్లలో నా బ్లాగులో ఎక్కువమంది చదివిన టపా ఆ కాలరుదే. చొక్కా పేరు తెలియనివారు, ఆ చొక్కా ఎప్పటికీ కొననివారు దాన్ని చదివారు, ఎందుకంటే అరిగిన కాలరు వారి ఇంట్లో కూడా ఉంది.

ఇలా రాయాలంటే జ్ఞాపకం చాలదు, ఒక నోటుపుస్తకం కావాలి. ఒక్కో బట్టకు ఒక్కో పేజీ కేటాయించి, కొన్న నెల, లోపలి చీటీ మీద ఉన్న పోగుల వివరం, ఉతికే గుర్తులు ముందుగా రాసుకోండి. ఆ చీటీని ఒక ఫొటో కూడా తీసి ఉంచుకోండి, పదిసార్లు ఉతికేసరికి దాని మీది అక్షరాలు చెరిగిపోవచ్చు. ఆ తరువాత వేసుకున్న ప్రతిసారీ ఒక అడ్డగీత, ఉతికిన ప్రతిసారీ ఒక చుక్క చాలు. కుట్టు ఊడినా, రంగు దిగినా, పొడుగు తగ్గినా ఒక వాక్యం రాయండి. పొడుగు తగ్గిందని మీకు అనిపిస్తే టేపు పెట్టి కొలవండి. మెడ కింద నుంచి అంచు వరకు మొదటిరోజు 68 సెంటీమీటర్లు ఉన్నది ఇప్పుడు 65 ఉంటే ఆ రెండు అంకెలూ రాయండి, “కాస్త కుంచించుకుపోయింది” అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు.

బట్టలోపలి శాస్త్రం కొంచెం నేర్చుకోండి, ఎక్కువ అక్కరలేదు. మీరు గమనించినదానికి కారణం కూడా చెప్పగలిగితే టపాకు బలం వస్తుంది. విస్కోసు (చెక్కగుజ్జుతో తయారుచేసే పోగు) తడిసినప్పుడు బాగా బలహీనపడుతుంది, అందుకే దాన్ని పిండకూడదంటారు. నూలూ లినెనూ తడిసినప్పుడు ఇంకా గట్టిపడతాయి. ఉన్నిపోగు మీద చేపకు ఉన్నట్టు సన్నని పొలుసులుంటాయి, వేడినీళ్లలో రుద్దితే అవి ఒకదానికొకటి చిక్కుకుని బట్ట దగ్గరపడిపోతుంది. ఉండలు కట్టడం గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. ఉండలు కట్టినంత మాత్రాన బట్ట నాసిరకం అనుకుంటారు. ఒరిపిడికి పొట్టిపోగులు బయటికి వచ్చి చుట్టుకుని ఉండలవుతాయి, ఉన్ని మాత్రమే ఉన్న బట్టమీద అవి కొంతకాలానికి తెగి రాలిపోతాయి, పాలియెస్టరు వంటి గట్టిపోగు కలిసిన బట్టమీద ఆ పోగు ఉండను వదలకుండా పట్టుకుని ఉంటుంది. బట్ట మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో చెబుతారు. పల్చటి చొక్కాబట్ట 120 ప్రాంతంలో ఉంటుంది, ఒక మాదిరి టీషర్టు 180, బరువైన జీన్సుబట్ట 400 ఉంటుంది. ఈ మూడు అంకెలు గుర్తుంటే, ఒక బట్ట వివరాల్లో 140 అని కనిపించగానే అది చేతికి ఎలా ఉంటుందో ఊహించుకోగలరు, మీ పాఠకులకు కూడా చెప్పగలరు.

ఫొటోల విషయానికి వస్తే, ముఖం చూపించకపోవడం అసలు లోపం కాదు. గడ్డం కింది నుంచి తీయవచ్చు, వెనుకనుంచి తీయవచ్చు, హ్యాంగరుకు తగిలించి తీయవచ్చు. బట్ట గురించి రాసేటప్పుడు పాఠకులు చూడాలనుకునేది కాజాలు, అంచు మడత, చంక దగ్గరి కుట్టు, మోచేతి దగ్గరి అరుగుదల. వీటిలో ముఖంతో పని లేదు. మీ ఫొటోలు కొన్ని చూశాను. రెండు తప్పులు కనిపించాయి, రెండూ తేలికగా సరిదిద్దుకోగలిగినవే. మొదటిది వెలుతురు. కిటికీలోంచి వచ్చే పగటివెలుతురు, గదిలోని పసుపుదీపం రెండూ ఒకే ఫొటోలో కలిశాయి, అందుకే ఒక భుజం నీలంగా, మరో భుజం నారింజగా కనిపిస్తోంది. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపుగా ఉంటుంది. పగటివెలుతురు సుమారు 5500 కెల్విన్లయితే ఆ బల్బు 3000 లోపే ఉంటుంది, ఏ కెమెరా అయినా ఆ రెంటినీ ఒకేసారి సరిచేయలేదు. గదిలో దీపాలన్నీ ఆర్పేసి, ఎండ నేరుగా పడని కిటికీకి పక్కగా నిలబడి తీయండి. మొదటి ఫొటోలో బట్ట పక్కన ఒక తెల్లకాగితం పెట్టి, దిద్దేటప్పుడు ఆ కాగితం తెల్లగా కనిపించేలా రంగు సరిచేసి, అదే దిద్దుబాటును మిగతావాటికి వాడండి. బట్టల బ్లాగులో రంగు తప్పుగా చూపించడం తప్పు సమాచారం ఇవ్వడమే అవుతుంది.

రెండోది దూరం. ఫోనులోని ప్రధాన కెమెరా వెడల్పాటి దృశ్యాన్ని పట్టే రకం, దగ్గరనుంచి తీస్తే దాని ముందున్నది పెద్దదిగా, దూరంగా ఉన్నది చిన్నదిగా కనిపిస్తుంది. మీరు ఫోనును తల ఎత్తులో పెట్టి తీసినందువల్ల భుజాలు పెద్దవై, ప్యాంటు పొట్టిదైపోయింది. ఫోనును నడుము ఎత్తులో నిలబెట్టి, మూడు మీటర్లు వెనక్కి జరిగి, రెండింతలు జూమ్ చేసి, టైమరు పెట్టి తీయండి. ప్యాంటు అసలు పొడుగు అప్పుడు తెలుస్తుంది. ఇంట్లో తీసిన ఫొటోల్లో చిరునామా పట్టించే కిటికీ దృశ్యాలు, ఉత్తరాల కవర్లు లేకుండా చూసుకోండి. ఫొటోఫైలులో తీసిన స్థలం వివరం దాగి ఉండవచ్చు, దాన్ని కూడా తొలగించిన తరువాతే పెట్టండి. వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి, ఒక్కో ఫొటో మూడువందల కిలోబైట్లు దాటకుండా చూస్తే పేజీ త్వరగా తెరుచుకుంటుంది. ప్రతి ఫొటోకూ వివరణ రాసే చోటును ఖాళీగా వదలకండి. చూపులేనివారు తెరచదువరి (తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్) సాయంతో వినేది అదే. “నీలం చొక్కా” అని కాక “మడత వెంబడి పోగులు లేచిన నీలం చొక్కా కాలరు” అని రాయండి.

జీవనశైలి అన్న మాట మీ బ్లాగు పేరులో ఉంది కనుక దాని గురించి ఒక్క మాట. మీ పద్నాలుగు టపాల్లో ఆరు బట్టల గురించి ఉన్నాయి, మిగిలినవి చర్మసంరక్షణ, మొక్కలు, పుస్తకాలు, ఇంటి అలంకరణ. వాటిలో మీకు నిజంగా తెలిసినదీ, మీరు ప్రేమించేదీ బట్టలే అని చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. మిగతావాటిని పూర్తిగా వదిలేయనక్కర లేదు, బట్టలతో ముడిపడినచోట రాయండి. నాలుగు రోజుల ప్రయాణానికి ఒక చిన్న సంచిలో ఏం సర్దుకున్నారు, అందులో ఏది వేసుకోకుండానే తిరిగి వచ్చింది, చిన్నగదిలో తడిబట్టలు ఎలా ఆరేస్తున్నారు, ఉన్నిబట్టలకు పురుగు పట్టకుండా ఎలా దాచుకుంటున్నారు. ఇదంతా జీవనశైలే.

నెలకు ఒక టపా చాలు. నేను మొదటి రెండేళ్లు వారానికి రెండు రాసి, మూడో ఏట అయిదు నెలలు ఒక్క అక్షరం రాయలేకపోయాను. ఇప్పుడు నెలకొకటి ప్రకటిస్తాను, చిత్తుప్రతులు మాత్రం ఎప్పుడూ నాలుగైదు నడుస్తుంటాయి, ఒక్కోటి వండుకోవడానికి దానికెంత కాలం పడుతుందో అంత ఇస్తాను. చదివేవారి లెక్కలు చూపించే పేజీని నెలకొకసారి తెరవండి, అదీ ఎంతమంది వచ్చారో చూడటానికి కాదు, ఏ మాటలు వెతికి వచ్చారో చూడటానికి. తరువాతి టపాకు విషయం తరచు అక్కడే దొరుకుతుంది.

డబ్బు గురించి మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు ఏదో ఒకటి పంపుతామని తప్పకుండా అడుగుతారు. తీసుకోవచ్చు. తీసుకుంటే, ఉచితంగా వచ్చిందన్న సంగతి టపా మొదటి వాక్యాల్లోనే, మామూలు అక్షరాల్లో చెప్పండి. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే ప్రకటనల గురించిన తన మార్గదర్శకాల్లో బ్లాగర్లను కూడా చేర్చింది, ఆ తరువాత ఇతర దేశాల్లో కూడా ఇలాంటి నియమాలు వచ్చాయి, మీరుండేచోట ఏమున్నాయో చూసుకోండి. అయిదారు ఉతుకుల తరువాతే రాస్తానని ముందే చెప్పండి. నా అనుభవంలో ఆ మాట వినగానే సగానికి పైగా సంస్థలు వెనక్కి తగ్గుతాయి, తగ్గనివి మాట్లాడదగినవి. ఫ్యాషన్ బ్లాగుతో జీవనోపాధి సంపాదించినవారు లేరని అనను. ఇటలీకి చెందిన కియారా ఫెరాన్యీ 2009లో ప్రారంభించిన బ్లాగు ఎంత పెద్ద వ్యాపారమైందంటే, 2015లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు దాన్ని ఒక అధ్యయనాంశంగా తీసుకుంది. అది సిబ్బందీ, గడువులూ ఉన్న పూర్తికాలపు ఉద్యోగం, మీరు కోరుకుంటున్నది అది కాదని మీ ఉత్తరంలోనే రాశారు.

శరీరం మీద వచ్చే వ్యాఖ్యలను జవాబివ్వకుండా తొలగించండి. అంతకుమించి వాటికి సమయం ఇవ్వకండి.

మీ రాతలు మీ చేతిలో ఉండేలా చూసుకోవడం మాత్రం ఈ రోజే చేయవలసిన పని. నా మొదటి రెండేళ్ల ఫొటోలన్నీ ఒక ఉచిత సేవలో ఉంచి, వాటి లంకెలను మాత్రమే బ్లాగులో పెట్టేదాన్ని. ఆ సేవ నియమాలు మార్చిన రోజు మూడువందలకు పైగా ఫొటోలు ఖాళీగడులుగా మారిపోయాయి, పాత ఫోను పాడైనందువల్ల అసలు ప్రతులు కూడా నా దగ్గర లేవు. కొన్న నెల ఎలా ఉండేదో చూపించడానికి ఆ లేతనీలం చొక్కా ఫొటోలు మిగిలాయంటే, అది ఆ తరువాత కొన్నది కాబట్టే. సొంత డొమైన్ పేరు (వెబ్ చిరునామా) ఒకటి తీసుకోండి, సేవ మారినా చిరునామా మారదు. టపాలన్నిటినీ ఒకే ఫైలుగా దించుకునే సదుపాయం బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ ఉంది, మూడు నెలలకొకసారి దించి, ఫొటోల అసలు ప్రతులతోపాటు రెండుచోట్ల దాచండి.

ఇక మీ బూడిదరంగు కోటు. తరువాతి టపా దాని గురించే రాయండి. ఉదయం పూట కిటికీ పక్కన హ్యాంగరుకు తగిలించి ముందు, వెనుక తీయండి. ఆ తరువాత జేబు అంచులు, చేతుల కొసలు, మోచేతులు దగ్గరనుంచి తీయండి. భుజానికి సంచి తగిలించుకునే అలవాటుంటే ఆ పక్క నడుము దగ్గర ఉండలు ఎక్కువగా ఉంటాయి, రెండు పక్కలనూ ఒకే ఫొటోలో చూపించండి. లోపలి అస్తరు చంకల దగ్గర ఎలా ఉందో తిరగేసి చూడండి, చాలా కోట్లలో అస్తరే ముందు చిరుగుతుంది. ఎన్ని శీతాకాలాలు వేసుకున్నారు, ఎన్నిసార్లు శుభ్రం చేయించారు, వేసవిలో ఎక్కడ దాచారు అన్నవి రాయండి. ఏ బొత్తామైనా మార్పించి ఉంటే పాతవాటిలో ఒకటీ కొత్తదీ పక్కపక్కన కనిపించేలా ఒక ఫొటో తీసి, అది ఎన్నో ఏట ఊడిందో గుర్తున్నంతవరకు చెప్పండి. టపా పెట్టగానే లంకె నాకు పంపండి, మొదటి వ్యాఖ్య నేను రాస్తాను.